చిటికెడు ధూపం: లౌకిక సంస్కృతి నడుమ క్రైస్తవ జీవితం

సోమవారం ఉదయం. ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర నలుగురు చేరారు. "సెలవులు ఎలా గడిచాయి?" అని ఒకరు అడిగారు. ఒకామె చూసిన సినిమా సంగతి చెప్పింది. ఇంకొకరు ఇల్లు మారిన హడావిడి చెప్పారు. మూడో మనిషి వంతు వచ్చింది. అతను నిన్న ఉదయమంతా ఆరాధనలో ఉన్నాడు. వాక్యం వింటూంటే ఆరేళ్లుగా మాటల్లేని తమ్ముడు గుర్తొచ్చాడు. ప్రార్థనలో కన్నీళ్లు ఆగలేదు. ఇంటికొచ్చి, చేతులు వణుకుతుండగానే తమ్ముడికి ఫోన్ చేశాడు. ఆ ఏడాదిలో అతని జీవితంలో జరిగిన పెద్ద విషయం అదే. కానీ నోటి నుంచి వచ్చింది మాత్రం, "ఏముంది, మామూలే. కాస్త రెస్ట్ తీసుకున్నా."

అతన్ని ఎవరూ అడ్డుకోలేదు. చర్చికి వెళ్లానని చెబితే ఉద్యోగం పోదు, ఎవరూ కొట్టరు. మహా అయితే ఒక్క క్షణం మౌనం, ఆ తర్వాత మాట మారిపోతుంది. ఆ ఒక్క క్షణం మౌనాన్ని ముందే ఊహించుకుని అతను మాట మింగేశాడు. లౌకిక సంస్కృతిలో విశ్వాసి మీద పడే ఒత్తిడి ఎలాంటిదో తెలుసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. దీన్ని హింస అనడం తగదు. విశ్వాసం కోసం నిజంగా జైళ్లలో మగ్గుతున్నవారు, ఇళ్లు పోగొట్టుకున్నవారు ఈ లోకంలో ఉన్నారు. మన మొహమాటానికి వారి బాధకు పెట్టాల్సిన పేరు పెట్టడం వారిని తక్కువ చేయడమే. అయితే హింస కానంత మాత్రాన ఇది తేలికైనదీ కాదు. హింస ఎదురైతే మనిషికి తాను దేనికోసం నిలబడాలో తెలుస్తుంది. ఈ మెత్తని ఒత్తిడిలో నిలబడాల్సిన సందర్భం వచ్చి వెళ్లిపోయిందని కూడా తెలియదు.

రెండు విషయాలు, ఒకే పేరు

'సెక్యులర్' అనే మాట చర్చికి బయటి నుంచి వచ్చిపడిన మాట కాదు. లాటిన్‌లో 'సేక్యులుమ్' అంటే యుగం, ఈ కాలం. మధ్యయుగాల ఐరోపాలో మఠాల్లో నియమబద్ధంగా జీవించే గురువులు ఒక వర్గమైతే, జనం మధ్య ఉంటూ సంఘాలను చూసుకునే గురువులు రెండో వర్గం. ఈ రెండో వర్గాన్నే 'సెక్యులర్' గురువులు అనేవారు. మతంతో పని లేని నీతి, జీవన విధానం అనే అర్థంలో 'సెక్యులరిజం' అన్న పదాన్ని జార్జ్ జాకబ్ హోలియోక్ అనే ఆంగ్లేయుడు 1851లో వాడుకలోకి తెచ్చాడు.

ఇప్పుడు ఈ పేరుతో రెండు వేరువేరు విషయాలు నడుస్తున్నాయి. ఒకటి, ప్రభుత్వం ఏ మతం పక్షమూ వహించకపోవడం. రెండోది, దేవుడి ప్రస్తావనే అవసరం లేకుండా చదువు, ఉద్యోగం, వినోదం, పెళ్లి, చావు అన్నీ సాగిపోయే సంస్కృతి. మొదటిదాన్ని చూసి క్రైస్తవులు భయపడాల్సిన పని లేదు. అమెరికాలోని మసాచుసెట్స్ నుంచి వెళ్లగొట్టబడి 1636లో ప్రావిడెన్స్ పట్టణాన్ని స్థాపించిన రోజర్ విలియమ్స్ భక్తిపరుడైన క్రైస్తవుడు. మనస్సాక్షి మీద ప్రభుత్వానికి అధికారం ఉండకూడదని అతను వాదించింది విశ్వాసం మీద ప్రేమతోనే. బలవంతంగా చేయించిన ఆరాధన దేవునికి అసహ్యమని అతని నమ్మకం. ఈ వ్యాసం రెండోదాని గురించి. రెంటినీ కలిపేసుకుని, ప్రభుత్వం మన పక్షాన ఉంటే సంస్కృతి కూడా బాగుపడుతుందని ఆశించేవారు చివరికి రెండు విధాలా నష్టపోతారు.

అంకెలు కొంతవరకే చెబుతాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2011 జనాభా లెక్కల్లో 59.3 శాతం మంది తాము క్రైస్తవులమని రాశారు. 2021 నాటికి అది 46.2కు పడింది. ఏ మతమూ లేదన్నవారు 25.2 నుంచి 37.2 శాతానికి పెరిగారు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ సర్వేల ప్రకారం 2007లో 78 శాతంగా ఉన్న క్రైస్తవులు 2023–24 నాటికి 62 శాతం. అలాగని కథ ఒకే దిక్కుకు సాగుతోందనుకోకూడదు. ఇరవై ఒకటో శతాబ్దానికి విశ్వాసులు చిన్న చిన్న గుంపులుగా మాత్రమే మిగులుతారని 1968లో అంచనా వేసిన సమాజశాస్త్రవేత్త పీటర్ బెర్గర్, 1999 నాటికి ఆ అంచనా తప్పని తానే ప్రకటించాడు. ఆఫ్రికాలో సంఘాలు పెరుగుతున్న తీరు చూస్తే అతను ఎందుకు మనసు మార్చుకున్నాడో అర్థమవుతుంది. అదీగాక, తగ్గిన శాతంలో నామకార్థ క్రైస్తవులు ఎందరో, నిజంగా విశ్వసించి వదిలేసినవారు ఎందరో ఏ లెక్కా చెప్పలేదు.

లెక్కల కంటే లోతైన మార్పును కెనడా తత్త్వవేత్త చార్లెస్ టేలర్ చూపించాడు. 1500లో పాశ్చాత్య సమాజంలో దేవుణ్ణి నమ్మకపోవడం దాదాపు అసాధ్యం, 2000 నాటికి నమ్మకపోవడం సులువే కాదు, చాలామందికి అదే సహజం. మధ్యలో ఏమైంది అన్నది అతని ప్రశ్న. విశ్వాసం ఇప్పుడు అనేక ఎంపికల్లో ఒకటి. పక్కింట్లో ఉన్న మంచి మనిషి, మన కంటే ఓపికగల మనిషి, దేవుడు లేకుండానే హాయిగా బతుకుతున్నట్టు కనిపిస్తాడు. ఆ దృశ్యం రోజూ కళ్లముందు ఉంటుంది. నాస్తికుల వాదనలకు జవాబులు దొరుకుతాయి. వాదించకుండా హాయిగా ఉన్న పక్కింటివాడికి ఏం జవాబు చెప్పాలి? నేటి విశ్వాసి సందేహాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

కాలాన్ని ఎవరు పంచుతున్నారు

విశ్వాసం ముందు పుస్తకాల్లో ఓడిపోదు, క్యాలెండర్‌లో ఓడిపోతుంది. ఈ విషయం విప్లవ ప్రభుత్వాలకు బాగా తెలుసు. ఫ్రెంచి విప్లవకారులు 1793లో ఏడు రోజుల వారాన్ని తీసేసి పది రోజుల లెక్క పెట్టారు. పదో రోజే విశ్రాంతి. ఆదివారం ఎప్పుడొచ్చిందో కూడా జనం మరిచిపోవాలన్నది ఉద్దేశాల్లో ఒకటి. ఆ క్యాలెండర్ 1806 మొదటి రోజుతో ముగిసింది. సోవియట్ ప్రభుత్వం 1929లో ఐదు రోజుల వారం తెచ్చి, కార్మికులను రంగుల వారీగా విభజించి, ఒక్కో గుంపుకు ఒక్కో రోజు సెలవిచ్చింది. ఫ్యాక్టరీలు ఆగకుండా నడుస్తాయి, కానీ భర్తకు సెలవున్న రోజు భార్యకు ఉండదు, స్నేహితులంతా ఒకచోట చేరే రోజే ఉండదు. 1931లో దాన్ని ఆరు రోజుల వారంగా మార్చారు. 1940లో ఏడు రోజుల వారానికి తిరిగి రాక తప్పలేదు.

చట్టం పెట్టి రెండు ప్రభుత్వాలు చేయలేకపోయిన పనిని ఇప్పుడు జేబులోని ఫోన్ ఏ చట్టమూ లేకుండా చేస్తోంది. ఆదివారం ఉంది, సెలవూ ఉంది. కానీ ఆ ఉదయం ఆఫీసు గ్రూపులో వచ్చిన మెసేజ్ ఆరాధన మధ్యలో తొడ మీద వణుకుతుంది. చూడకపోతే మనసు నిలవదు. చూస్తే మనసు ఇక్కడ ఉండదు. రాత్రి పడుకునే ముందు చివరగా చూసేదీ, పొద్దున కళ్లు తెరవగానే మొదట చూసేదీ అదే. దావీదు ఉదయాన్నే దేవుని సన్నిధిలో ప్రార్థన సిద్ధపరచి కాచుకుని ఉంటానని పాడిన చోట ఇప్పుడు వేరొకటి కాచుకుని ఉంది.

యోహాను తన మొదటి పత్రికలో లోకంలో ఉన్నదంతా మూడు మాటల్లో చెప్పాడు: శరీరాశ, నేత్రాశ, జీవపుడంబం. ఇందులో నేత్రాశ అన్న మాటను పాతకాలపు బోధకులు ఎక్కువగా పరాయి సొమ్ము మీద, పరాయి మనిషి మీద చూపు పడటం అని వివరించేవారు. అది నిజమే. కానీ ఇప్పుడు కళ్ల ఆశ ఒక పరిశ్రమ. మనిషి చూపు ఎన్ని సెకన్లు ఎక్కడ ఆగిందో లెక్కగట్టి, అక్కడే ఇంకాసేపు ఆపడానికి తెలివైన మనుషులు జీతాలు తీసుకుని పని చేస్తున్నారు. గంటకు పైగా ఇతరుల ఇళ్లు, ప్రయాణాలు, పెళ్లిళ్లు, పిల్లల ర్యాంకులు చూసి లేచిన మనిషి ఏ పాపమూ చేయలేదు. అయినా "దేవా, నాకు నువ్వు చాలు" అని ప్రార్థించడం అతనికి ఆ రాత్రి కష్టమవుతుంది. అతని నమ్మకం మారలేదు, కోరిక మారింది. సంస్కృతి చేసే పని ముఖ్యంగా ఇదే. ఏది నిజమన్న దాని మీద అది మనతో పెద్దగా వాదించదు. ఏది కావాలో నేర్పిస్తుంది.

అందుకే రోమా పత్రికలో పౌలు "మీరు ఈ లోక మర్యాదను అనుసరింపక" అన్న వెంటనే "మీ మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరము పొందుడి" అన్నాడు. లోక మర్యాద అంటే లోకం పోసిన అచ్చు. అచ్చులో పోసినదానికి తాను ఆకారం తీసుకుంటున్నానని తెలియదు. ఇంకో అచ్చు లేకుండా దాని నుంచి బయటపడటమూ కుదరదు. వద్దు, వద్దు అనుకుంటూ మనసును ఖాళీగా ఉంచుకోలేం. ఆరాధన, వాక్యం, ఉపవాసం, ప్రభువు బల్ల, విశ్రాంతిదినం అన్నీ ఆ రెండో అచ్చు. వాటిని భక్తి ఉంటే చేసే పనులుగా చూడటం పొరపాటు. భక్తి ఆకారం తీసుకునేది వాటిలోనే.

చిటికెడు ధూపం

క్రీ.శ. 112 ప్రాంతంలో నల్ల సముద్రం ఒడ్డున ఉన్న బిథునియ ప్రాంతానికి అధిపతిగా ఉన్న ప్లీనీ, చక్రవర్తి ట్రాజన్‌కు ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవులని ఫిర్యాదు వచ్చినవారిని ఏం చేయాలో తెలియక అడిగాడు. అతను పెట్టిన పరీక్ష చిన్నదే: దేవతలను పిలవాలి, చక్రవర్తి ప్రతిమ ముందు ధూపం, ద్రాక్షారసం అర్పించాలి, క్రీస్తును దూషించాలి. నిజమైన క్రైస్తవులతో ఈ పనులు ఎవరూ చేయించలేరని తనకు తెలిసిందని అతనే రాశాడు.

ఆ ఉత్తరంలో అందరూ గుర్తుపెట్టుకునే భాగం అది. అంతగా పట్టించుకోని భాగం ఇంకొకటి ఉంది. విచారణకు వచ్చినవారిలో కొందరు, తాము ఒకప్పుడు క్రైస్తవులమేనని, ఇప్పుడు కాదని అన్నారు. మూడేళ్ల క్రితం మానేశామన్నారు కొందరు. ఇరవై ఏళ్ల క్రితమే మానేశామన్నవారూ ఉన్నారు. ఎందుకు మానేశారో ప్లీనీ రాయలేదు. అపొస్తలుల కాలానికి అంత దగ్గరలో కూడా మెల్లగా జారిపోయినవారు ఉన్నారన్నది మాత్రం స్పష్టం. ఈ తరంలోనే ఏదో ప్రళయం వచ్చిందని బెంబేలెత్తేవారు ఈ ఉత్తరం చదవాలి.

ఆ ధూపం చిటికెడే. ఒక్క నిమిషం పని. "మనసులో నమ్మకపోతే చాలదా, చేతితో వేస్తే ఏమవుతుంది?" అని ఆనాడు ఎందరో అనుకుని ఉంటారు. నేటి చిటికెడు ధూపానికి ప్రతిమ ఉండదు. నెలాఖరు రిపోర్టు ఉంటుంది. "ఈ నెల అంకె కొంచెం పెంచి చూపిద్దాం, వచ్చే నెల సర్దేద్దాం" అని పైఅధికారి మెత్తగానే చెబుతాడు. అతను దుర్మార్గుడు కాడు, అతని మీదా ఒత్తిడి ఉంది. అందరూ చేసేదే. కంప్యూటర్ తెర మీద ఒక గడిలో 41 ఉంది, దాన్ని 47 చేయాలి. రెండు మీటలు నొక్కితే అయిపోతుంది. ఆ గడి ముందు కూర్చున్న విశ్వాసికి, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షుల కథలు గుర్తుకు రావు. ఇంటి అప్పు వాయిదా గుర్తుకొస్తుంది.

ఇలాంటి క్షణంలో ఏం చేయాలో ఆ క్షణంలోనే ఆలోచిస్తే దాదాపు ఎప్పుడూ ఓడిపోతాం. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం ఈ విషయంలో ఎంత సూక్ష్మంగా ఉందో నెమ్మదిగా చదివితేనే తెలుస్తుంది. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయిన కుర్రాళ్లు వాళ్లు. బబులోను వారికి కల్దీయుల విద్య, భాష నేర్పింది. నేర్చుకున్నారు, అందరికంటే బాగా నేర్చుకున్నారు. పేర్లు మార్చింది. దానియేలును బెల్తెషాజరు అంది, ఆ పేరులో బబులోను దేవత జాడ ఉంది. ఆ పేరుతో పిలిస్తే పలికారు. రాజు కొలువులో ఉద్యోగం ఇచ్చింది. చేశారు. ఇన్నింటికీ సరేనన్న దానియేలు రాజు భోజనం దగ్గర ఆగాడు.

అక్కడే ఎందుకు ఆగాడన్నది వ్యాఖ్యాతలు శతాబ్దాలుగా చర్చిస్తున్నారు. కారణం ఏదైనా, గమనించాల్సింది ఆగిన తీరు. ముందుగానే "ఉద్దేశించాడు" అంటుంది వాక్యం, అంటే నిర్ణయం పళ్లెం ముందు కూర్చున్నప్పుడు జరగలేదు. గొడవ చేయలేదు, అనుమతి అడిగాడు. పైఅధికారి భయపడ్డాడు, "మీరు చిక్కిపోతే రాజు నా తల తీస్తాడు" అన్నాడు. దానియేలు ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. తమను చూసుకునే నియామకుని దగ్గరికి వెళ్లి, పది రోజులు శాకధాన్యాలు, నీళ్లు ఇచ్చి పరీక్షించి చూడమన్నాడు. తన మనస్సాక్షి భారం ఎదుటివాడి మెడ మీద పడకుండా దారి వెతికాడు.

రిపోర్టు గడి ముందు కూర్చున్న మనిషికి ఇది నేరుగా పనికొస్తుంది. "నేను క్రైస్తవుణ్ణి, అబద్ధం రాయను" అని పైఅధికారి మొహం మీద చెప్పి లేచిపోవడం ఒక దారి. 41 ఎందుకు వచ్చిందో, వచ్చే నెల ఎలా పెరుగుతుందో ఒక పేజీ రాసి, "ఇది పంపితే మీకు ఇబ్బంది రాకుండా నేను వివరిస్తాను" అని ముందుకు రావడం ఇంకో దారి. రెండో దారిలో కష్టం ఎక్కువ, ప్రేమా ఎక్కువ. అలా చేస్తే ఎప్పుడూ మేలే జరుగుతుందని మాట ఇవ్వడం మోసం. పదోన్నతి పోవచ్చు, ఉద్యోగమే పోవచ్చు. దానియేలు స్నేహితులు అగ్నిగుండం ముందు చెప్పిందీ అదే: మా దేవుడు రక్షించగలడు, రక్షింపకపోయినా మేము మొక్కం.

అంగట్లో మాంసం

అన్నింటికీ 'వద్దు' అనడం పరిశుద్ధత అనుకునేవారు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8 నుంచి 10 అధ్యాయాలు చదవాలి. ఆ పట్టణంలో అంగట్లో అమ్మే మాంసంలో కొంత గుళ్లలో బలి ఇచ్చింది. విశ్వాసి తినవచ్చా? పౌలు ఇచ్చిన జవాబు ఒక్క మాటలో లేదు. అంగట్లో కొంటే ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీయకుండా తిను, ఎందుకంటే భూమీ దాని పరిపూర్ణతా ప్రభువువి. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్లాలని ఉంటే వెళ్లు, పెట్టింది తిను. కానీ ఎవరైనా "ఇది బలి అర్పించింది" అని చెబితే మాత్రం ఆగు. నీ కోసం కాదు, చెప్పినవాడి మనస్సాక్షి కోసం. ఇక గుడిలోనే జరిగే బలి విందు బల్ల దగ్గరికి వెళ్లకు. ప్రభువు బల్లలోనూ దయ్యాల బల్లలోనూ ఒకేసారి పాలు పొందలేవు.

ఒకే మాంసానికి నాలుగు సందర్భాలు, నాలుగు జవాబులు. పౌలు వస్తువును చూడలేదు. ఆ పనికి ఆ చోట ఏ అర్థం ఉందో, పక్కన ఎవరున్నారో చూశాడు. ఒక సినిమా చూడొచ్చా, ఆఫీసు పార్టీకి వెళ్లొచ్చా, ఫలానా పాట వినొచ్చా అని యౌవనస్థులు అడిగినప్పుడు సంఘాలు తరచుగా ఇచ్చేది జాబితా. జాబితా ఇవ్వడం తేలిక, పాటించడమూ తేలికే, అది కొత్త పరిస్థితి వచ్చేవరకే పనిచేస్తుంది. కొత్త యాప్ వచ్చిన ప్రతిసారీ జాబితా పాతదైపోతుంది. వివేచన నేర్పిన సంఘం పిల్లలు మాత్రం ఎవరూ ఊహించని చోట కూడా దారి కనుక్కుంటారు. నేర్పడానికి ఏళ్లు పడుతుంది, మధ్యలో తప్పులు జరుగుతాయి. అయినా వేరే దారి లేదు.

ఎరిక్ లిడెల్ కథ చాలామందికి సగమే తెలుసు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగు ప్రాథమిక పోటీలు ఆదివారం పడ్డాయని తెలిసి ఈ స్కాట్లాండ్ పరుగువీరుడు ఆ పోటీ వదులుకున్నాడు. బదులుగా 400 మీటర్లకు సాధన చేసి, 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. రెండో సగం ఇది. మిషనరీగా చైనా వెళ్లిన లిడెల్‌ను రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం వెయిహ్సియన్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. 1945 ఫిబ్రవరిలో అక్కడే చనిపోయాడు. ఆ శిబిరంలో పెరిగినవారి జ్ఞాపకాల ప్రకారం, ఆదివారాలు పిల్లలు ఆటల్లో కొట్టుకుంటున్నారని తెలిసి, ఒలింపిక్ పరుగు కోసం ఆదివారాన్ని వదులుకోని ఆ మనిషే ఆదివారం వాళ్ల ఆటకు రిఫరీగా నిలబడ్డాడు. తన కీర్తి కోసం వదలని దినాన్ని పిల్లల కోసం వదిలాడు. విశ్రాంతిదినం మనుష్యుల కొరకే అన్న యేసు మాటకు ఇంతకంటే దగ్గరి వ్యాఖ్యానం దొరకడం కష్టం.

భయం నుంచి పుట్టే పొరపాట్లు

ఒత్తిడికి సంఘాలు స్పందించే తీరులో కొన్ని పాత పొరపాట్లు ఉన్నాయి. ఒకటి గోడలు కట్టుకోవడం: మన స్కూలు, మన పాటలు, మన స్నేహాలు, బయటివారితో అవసరమైనంత మాటే. యేసు తన శిష్యుల కోసం ప్రార్థిస్తూ, "నీవు లోకములోనుండి వారిని తీసికొనిపొమ్మని నేను ప్రార్థించుటలేదు" అని స్పష్టంగా అన్నాడు. పైగా గోడలోపలికి ఫోన్ సిగ్నల్ వస్తుంది.

రెండోది కలిసిపోవడం. ఇది చాలా మర్యాదగా జరుగుతుంది. పాపం అన్న మాట బోధలో తగ్గుతుంది, సిలువ అలంకారం అవుతుంది, ఆరాధన ఒక మంచి కార్యక్రమం అవుతుంది, సంఘం విజయాన్ని హాజరుతో, వీడియో చూసినవారి లెక్కతో కొలుస్తారు. దేవుడు మన కలలు నెరవేర్చేవాడవుతాడు. బయటి లోకం దేవుణ్ణి పక్కన పెట్టి విజయాన్ని ఆరాధిస్తే, ఈ బోధ దేవుని పేరు పెట్టి అదే విజయాన్ని ఆరాధిస్తుంది. "మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు" అన్న మాట ఎక్కువగా వినిపించాల్సింది ఇక్కడే.

మూడోది యుద్ధం, అంటే పోయిన పలుకుబడిని తిరిగి తెచ్చుకోవాలన్న ఆరాటం. అధికారంలో ఉన్నవారు మన భాష మాట్లాడితే చాలు, వారి నడత ఎలా ఉన్నా సర్దుకుపోతాం. ఇది ఎంత దూరం వెళ్లగలదో 1930ల జర్మనీ చూపించింది. జాతి, నేల, నాయకుడు అన్న కొత్త దేవతలకు ధూపం వేసింది నాస్తికులు మాత్రమే కాదు. 'జర్మన్ క్రైస్తవులు' అని పేరు పెట్టుకున్న ఉద్యమం చర్చి లోపలే నడిచింది. దాన్ని ఎదిరించి 1934లో బార్మెన్‌లో సమకూడినవారు, సంఘం వినాల్సిన ఒకే ఒక్క దేవుని వాక్యం యేసుక్రీస్తే అని ప్రకటించారు. ఆ పక్షాన నిలిచిన జర్మన్ కాపరి డీట్రిచ్ బోన్‌హోఫర్ ఆ తర్వాత ఏం చేశాడన్నది ఆలోచించాల్సిన విషయం. 1935లో ఫింకెన్‌వాల్డ్‌లో యువ కాపరులకు ఒక చిన్న శిక్షణాలయం నడిపాడు. కలిసి ప్రార్థన, కలిసి భోజనం, వాక్యధ్యానం, ఒకరి దగ్గర ఒకరు పాపాలు ఒప్పుకోవడం. దేశం మండిపోతుంటే కీర్తనలు చదువుతూ కూర్చోవడమేమిటని కొందరికి అనిపించింది. నాజీల రహస్య పోలీసు విభాగమైన గెస్టపోకు మాత్రం అది చిన్న విషయంగా అనిపించలేదు. 1937లో మూయించారు. 1945 ఏప్రిల్ 9న బోన్‌హోఫర్‌ను ఉరితీశారు.

ఒంటరిగా కుదరదు

బోన్‌హోఫర్ ఉదాహరణలో అసలు పాఠం కలిసి జీవించడం. లౌకిక సంస్కృతి విశ్వాసాన్ని వ్యక్తిగత విషయం అంటుంది, చాలామంది విశ్వాసులు కూడా సరేనంటారు. "నాకూ దేవునికీ మధ్య సంగతి" అన్న మాట భక్తిగానే వినిపిస్తుంది. కానీ వారమంతా ఒక కథ వింటూ, ఆదివారం రెండు గంటలు మాత్రమే ఇంకో కథ వినే మనిషి ఏ కథలో బతుకుతాడో చెప్పడానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. ఆ రెండో కథను నమ్మేవారు మంగళవారం రాత్రి ఫోన్ చేసి "రిపోర్టు సంగతి ఏమైంది?" అని అడగాలి. ఉద్యోగం పోతే మూడు నెలలు ఇంటి ఖర్చు చూసే సంఘం వెనక ఉందని తెలిసిన మనిషికి 41ని 41గా ఉంచే ధైర్యం వస్తుంది. హతసాక్షుల ధైర్యం గురించి గంటలు బోధించి, నిజాయితీ వల్ల ఉద్యోగం పోయిన సభ్యుణ్ణి "ప్రార్థిస్తాం" అని పంపేసే సంఘం తన బోధను తానే కొట్టేసుకుంటుంది.

పిల్లల విషయం ఇంతకంటే సున్నితం. పదమూడేళ్ల పిల్ల రాత్రి అన్నం తింటూ, "దేవుడు ఉంటే మా క్లాసు అమ్మాయికి క్యాన్సర్ ఎందుకొచ్చింది?" అని అడుగుతుంది. ఆ క్షణం తండ్రి మొహంలో కనిపించేది భయమైతే, పిల్ల రెండు విషయాలు నేర్చుకుంటుంది: ఈ ప్రశ్న ఇక్కడ అడగకూడదు, నాన్న నమ్మే దేవుడు ప్రశ్నకు తట్టుకోలేడు. తర్వాతి ప్రశ్న ఆమె ఇంటర్నెట్‌ను అడుగుతుంది. "నాకూ తెలియదమ్మా. యోబు కూడా అడిగాడు. రేపు ఆ అమ్మాయిని చూడ్డానికి వెళ్దామా?" అనే జవాబులో వాదన లేదు. కానీ ప్రశ్నను దాచుకోనక్కర్లేని ఇల్లు అది. కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే. దేవుని ప్రజలు దేవుణ్ణే నిలదీసిన పాటలను పరిశుద్ధ గ్రంథంలో భద్రపరిచారు. ఆ పాటలు పిల్లలకు నేర్పని ఇళ్లు, వారి మొదటి సందేహం రోజున వారిని నిరాయుధులుగా వదిలేస్తాయి.

బయటివారి కళ్లకు ఇదంతా ఎలా కనిపిస్తుందన్న దానికి ఒక అనుకోని సాక్షి ఉన్నాడు. క్రీ.శ. 361 నుంచి 363 వరకు ఏలిన రోమా చక్రవర్తి జూలియన్ క్రైస్తవ్యాన్ని వదిలి పాత దేవతలను తిరిగి నిలబెట్టాలనుకున్నాడు. తన పూజారికి రాసిన ఉత్తరంలో, ఆ గలిలయులు (క్రైస్తవులను అతను అలా పిలిచేవాడు) తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారని వాపోయాడు. అపరిచితులను ఆదరించడం, చనిపోయినవారిని జాగ్రత్తగా పాతిపెట్టడం వల్లే వాళ్ల మతం పెరిగిందన్నాడు. క్రైస్తవ్యాన్ని ద్వేషించినవాడికి కూడా దాని బలం ఎక్కడుందో కనిపించింది. యిర్మీయా చెరలో ఉన్నవారికి రాసిందీ ఇదే: మిమ్మల్ని చెరపట్టి తీసుకుపోయిన "పట్టణముయొక్క క్షేమము కోరి దానికొరకు యెహోవాను ప్రార్థన చేయుడి." పట్టణం మారాలని కాదు, ముందు దాని క్షేమం కోరాలని.

పేతురు తన మొదటి పత్రికలో, మీలో ఉన్న నిరీక్షణను గూర్చి "హేతువు అడుగు ప్రతివానికిని" సాత్వికంతో, భయంతో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు. ఈ వచనం మీద ఎన్నో శిక్షణ తరగతులు నడుస్తాయి, దాదాపు అన్నీ సమాధానం ఎలా చెప్పాలో నేర్పిస్తాయి. వచనంలో ముందు వచ్చేది మాత్రం అడిగేవాడు. అతను అడగాలంటే అతనికి ఏదో కనిపించాలి. వాదన చేయనక్కర్లేదు, సాక్ష్యం మొత్తం చెప్పనక్కర్లేదు. జరిగింది దాచకుండా ఉంటే చాలు. కాఫీ మెషిన్ దగ్గర ఆ మూడో మనిషి, "నిన్న చర్చికి వెళ్లాను. వచ్చాక మా తమ్ముడికి ఫోన్ చేశాను, ఆరేళ్ల తర్వాత" అని చెప్పి ఉంటే, ఒక క్షణం మౌనం వచ్చేదే. మాట మారేదే. అందరూ సీట్లకు వెళ్లాక, ఇల్లు మారిన హడావిడి చెప్పిన మనిషి కప్పు పట్టుకుని అక్కడే నిలబడి, "మీ తమ్ముడు ఏమన్నాడు?" అని అడిగేవాడేమో.